బండిచక్రపు గెలాక్సీ: ఒక చిత్ర విమర్శ

శిల్పి నక్షత్రమండలములో, సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ‘బండిచక్రము’ అను గెలాక్సీ కలదు. ఫ్రిట్జ్ జ్వికీ దీనిని 1941లో కనుగొనెను. 2022 ఆగస్టులో వెలువడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రము దీని వలయమును, చక్రపు ఆకులవంటి చారలను ఎంతో స్పష్టముగా చూపినది. పరారుణ కిరణములు ధూళిని దాటి రాగలవు గనుకనే ఇది సాధ్యమైనది. అయితే ఆ కిరణములు కంటికి కానరావు; చిత్రములోని రంగులు తరువాత కేటాయించినవి. ఈ సంగతి చెప్పక చూపినచో విద్యార్థి వానిని నిజమైన రంగులని భ్రమించును.

ఇట్టి చిత్రముల క్రింద తరచు వ్రాయు ‘ఢీకొనుట’ అను మాట ఇంకను పొరపాటు కలిగించును. నక్షత్రముల నడుమ దూరము అపారము. అవి ఒకదానికొకటి తగులుట అత్యంత అరుదు. చిన్న గెలాక్సీ ఒకటి పెద్దదాని నడిమి భాగమునుండి దూసుకొనిపోయినపుడు, దాని ఆకర్షణచే నక్షత్రములు లోనికి లాగబడి, అది దాటిపోగానే వెలుపలికి మరలును. అవి క్రిక్కిరిసిన చోటే వలయము. అది చెరువులోని అలవలె విస్తరించుచు వాయుమేఘములను నొక్కును. వానినుండి క్రొత్త నక్షత్రములు పుట్టును. వలయ గెలాక్సీలు ఇట్లు ఏర్పడునని 1976లో లిండ్స్, టూమ్రేలు గణనలతో చూపిరి.

చిత్రములో ఫలితము కలదు గాని కారణము లేదు. కావున ఉపాధ్యాయులు దీనిని చూపునపుడు, చిన్న గెలాక్సీ రాక, దాటిపోవుట, వలయ విస్తరణ అను మూడు దశలను నల్లబల్లపై గీచి చూపుట మేలు.