గురికి ఎంత దూరంలో నిలబడాలి?

తిరునాళ్ళలో సబ్బుబిళ్ళల మీదికి రింగులు విసిరే ఆట తెలియని వాళ్ళుండరు. అక్కడ గీత దుకాణం వాడిది. డేవిడ్ మెక్లెలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన శిక్షణ తరగతుల్లో ఆడించిన రింగులాటలో మాత్రం గీత ఉండదు. నేల మీద ఒక కర్ర నిలబెట్టి, చేతికి రింగులిచ్చి, ఎక్కడి నుంచి విసురుతావో నీ ఇష్టం అంటారు. కొందరు కర్ర పక్కనే నిలబడి గాజు తొడిగినట్టు తొడిగేస్తారు. కొందరు గది చివరికంటా వెళ్ళి, పడితే మొనగాళ్ళం, పడకపోతే పోయేదేముంది అన్నట్టు విసురుతారు. ఇంకొందరు ఒకటి వేసి చూసుకుంటారు, పడితే అరడుగు వెనక్కి జరుగుతారు, తప్పితే కాస్త ముందుకొస్తారు. పడుతుందో లేదో చెప్పలేని దూరం తమకు ఎక్కడుందో వెతుక్కుంటారు. సాధించాలనే తపన గట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కువగా ఈ మధ్య దూరాన్నే ఎంచుకుంటారని మెక్లెలండ్, ఆయన సహచరుడు జాన్ అట్కిన్సన్ 1950లలోనే గమనించారు.

ఈ ఆటకు మనతో చుట్టరికం ఉంది. 1964లో కాకినాడ వ్యాపారులు, చిన్న పరిశ్రమల యజమానులు హైదరాబాదు వచ్చి, సాధించాలనే తపనను పెంచే ఈ శిక్షణ తీసుకున్నారు. అంతకు రెండేళ్ళ ముందే ఢిల్లీ నుంచి హైదరాబాదుకు మారిన సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ దానికి వేదిక. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ని-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది అదే. పోలిక కోసం శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులను కూడా గమనించారు. శిక్షణ పొందినవాళ్ళు తర్వాతి కాలంలో కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్ళను తీసుకోవడంలో మిగతావాళ్ళకంటే చురుగ్గా కనిపించారని మెక్లెలండ్, డేవిడ్ వింటర్ 1969లో తమ పుస్తకంలో రాశారు. ఎవరినీ నమ్మకాలు, ఆచారాలు మార్చుకోమని అడగలేదు. పది రోజులకు అటూ ఇటూగా సాగిన తరగతులు మార్చజూసింది ఒక్కటే: రాబోయే పని గురించి మనిషి తనలో తాను మాట్లాడుకునే తీరు.

మన బీకాం, ఎంబీఏ పిల్లలకు ‘కాకినాడ ప్రయోగం’ బాగా తెలుసు. ఆంత్రప్రెన్యూర్‌షిప్ పేపర్లో అదొక షార్ట్ ఆన్సర్ ప్రశ్న. సంవత్సరం, పేరు, ఫలితాలు బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకుంటారు. వాళ్ళలో రింగు చేత్తో పట్టుకున్న వాళ్ళెందరు? ఆడి తెలుసుకోవాల్సిన పాఠాన్ని చదివి అప్పజెప్పే పాఠంగా మార్చడంలో మనల్ని మించినవాళ్ళు లేరు.

కాలేజీల్లో కెరీర్ పాఠాలే లేవని కాదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు నడిచాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ఎంపికలకు సిద్ధం చేసే సీఆర్టీ తరగతులు లేని మూడో ఏడాది ఉండదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ వచ్చాయి. వీటన్నిటికీ ముందు నేల దున్నిపెట్టింది మాత్రం పుస్తకాలూ ఉపన్యాసాలే. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఎన్ని హాస్టల్ గదుల్లో చేతులు మారిందో లెక్కలేదు. ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ వ్యక్తిత్వ వికాసం చెబుతుంటే హాళ్ళు నిండేవి. పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడికి అతని భాషలోనే, నవ్విస్తూ, నీవల్ల అవుతుందని చెప్పడం చిన్న విషయం కాదు. నేను మోటివేషన్ ఉపన్యాసాన్ని తీసిపారేసే వాళ్ళ జట్టులో లేను.

అయితే ఉపన్యాసం వేడి ఎంతసేపు? సెమినార్ హాల్లో చప్పట్లు కొట్టిన చేతులే సాయంత్రానికి పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తుంటాయి. మెక్లెలండ్ 1965లో ఒక వ్యాసంలో, మనిషిలో ప్రేరణను పెంచడానికి ఏమేం కావాలో పన్నెండు సూత్రాలుగా చెప్పాడు. ఆ మార్పు సాధ్యమేనని నమ్మడానికి మనిషికి కారణాలు కనిపించాలన్నది మొదటిది. ఉపన్యాసం చేసే పని దాదాపు అక్కడికే. తన గురించి తాను తెలుసుకోవడం, కచ్చితమైన లక్ష్యానికి మాట ఇవ్వడం, ఎంతవరకు వచ్చానో రాసిపెట్టుకోవడం, మంచి మనసుతో చూసే కొత్త బృందంలో సభ్యుడు కావడం లాంటివి ఇంకా మిగిలి ఉంటాయి. మన కాలేజీలు మొదటి మెట్టుకు పూలదండ వేసి, మిగతావి ఎక్కకుండానే దిగిపోతున్నాయి.

ఆ మిగతా మెట్లు తరగతి గదిలో ఎలా ఉంటాయో చూద్దాం. మొదటిది కథ. తెర మీద ఒక బొమ్మ చూపిస్తారు: బల్ల ముందు కూర్చుని, పుస్తకం తెరిచి ఉన్నా ఎటో చూస్తున్న కుర్రాడు. అయిదు నిమిషాల్లో కథ రాయాలి. తప్పొప్పులు లేవు, మార్కులు లేవు. ఒకరు ఇలా రాస్తారు: వాళ్ళ నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు, పరీక్ష పోతుందేమోనని కుర్రాడికి భయం, చివరికి దేవుడి దయవల్ల ఉద్యోగం వచ్చింది. ఇంకొకరు ఇలా: ఊళ్ళో మోటారు పదేపదే కాలిపోతోంది, ఎందుకో కనుక్కోవాలని కుర్రాడి పట్టుదల, నిన్న చేసిన వైరింగులో ఏదో తేడా వచ్చింది, రేపు ఎలక్ట్రీషియన్ బాబాయిని అడగాలి. తర్వాత బృందాలుగా కూర్చుని ఒకరి కథలు ఒకరు చదువుకుంటారు. కథలో మనిషికి ఏం కావాలి? దానికోసం తానేం చేశాడు? అడ్డం వచ్చింది బయటిదా, తనలోనిదా? సాయం ఎవరిని అడిగాడు? మొదటి కథలో కుర్రాడు చేసిన పని ఒక్కటీ లేదని రాసినవాళ్ళే కనిపెడతారు. మాస్టారు చెప్పాల్సిన పనే ఉండదు. అదే కథను, ఈసారి కుర్రాడు ఏదో ఒకటి చేసేలా, మళ్ళీ రాయమంటారు. తనలో తాను మాట్లాడుకునే తీరు మార్చడం ఇలా మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త: కథలో పేదరికం, బాధ రాసిన పిల్లల్ని వీడికి ప్రేరణ తక్కువ అని ముద్ర వేస్తే తరగతి అక్కడితో చచ్చిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గోపురం ఆట. వ్యాపార శిక్షణ శిబిరాల్లో దీనికి మంచి పేరుంది. చెక్కముక్కలు లేకపోతే ఖాళీ అగ్గిపెట్టెలు చాలు. ముగ్గురు కావాలి. ఒకరు కట్టేవారు: కళ్ళకు గంతలు, అలవాటైన చెయ్యి వెనక్కి, రెండో చేత్తోనే ఒకదానిమీద ఒకటి పేర్చాలి. రెండోవారు పక్కనుండి చెప్పే మేస్త్రి. మూడోవారు యజమాని. మిగతా తరగతి అంతా చూస్తూ రాసుకుంటుంది. కట్టే ముందు ఎన్ని నిలుస్తాయో ముగ్గురూ విడివిడిగా చీటీ మీద రాయాలి, తర్వాత మాట్లాడుకుని ఒక అంకెకు రావాలి. కట్టేవారు ఆరు అని రాస్తే యజమాని పద్నాలుగు రాయడం మామూలే. ఒప్పుకున్న అంకె ఎవరిది అన్నదగ్గర అసలు కథ మొదలవుతుంది. గంతలున్న పిల్ల ఏమీ అనకుండా తలూపేసిందా? మేస్త్రి మధ్యలో మాట మాని చెయ్యి పట్టుకుని తానే పెట్టేశాడా? తొమ్మిదో పెట్టె దగ్గర యజమాని ‘ఇంకొకటి, ఇంకొకటి’ అంటుంటే గోపురం కూలిందా?

ఆట పది నిమిషాలు, దాని మీద మాట్లాడటం నలభై నిమిషాలు పట్టాలి. తారుమారైతే అది కాలక్షేపమే. నీకు చేతకాదనిపించిన అంకెను ఎందుకు ఒప్పుకున్నావు, ఏ మాట సాయపడింది, ఏ మాట చెయ్యి వణికించింది అని కట్టినవారిని ముందుగా అడగాలి, మాస్టారి అభిప్రాయం చివరన రావాలి. కాసేపటికి ఎవరో ఒకరు ‘మా ఇంట్లోనూ ఇంతే సార్’ అనక మానరు. ఎంట్రన్స్ ర్యాంకు ఎంత రావాలో నాన్న అనుకున్నది, కోర్సు ఏదో మామయ్య చెప్పింది, చీటీ మీద తన అంకె రాసుకునే అవకాశమే రాలేదన్నది అప్పుడు బయటికొస్తాయి. గంట ముందు ఇదే పిల్లల్ని నీ కెరీర్ లక్ష్యమేంటని అడిగితే గ్రూప్స్ అనో సాఫ్ట్‌వేర్ అనో చెప్పి కూర్చునేవాళ్ళు.

గ్రూప్ డిస్కషన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే మన కాలేజీల్లో బృంద కార్యకలాపం అంటే అదొక్కటే అనుకుంటారు. పది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి అంశం ఇస్తే ఇద్దరు అరుస్తారు, నలుగురు తలూపుతారు, మిగతావాళ్ళు గడియారం చూస్తారు. చివర్లో ట్రైనర్ బాడీ లాంగ్వేజ్ గురించి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాడు. దీనికి విరుగుడు పాతదే. బయట ఇంకో వలయం వేసి, లోపల ఒక్కొక్కరినీ బయటి నుంచి ఒకరు గమనించాలి. ఎన్నిసార్లు మాట్లాడబోయి ఆగింది, ఎవరి మాటను అందుకుంది, ఎవరి మాటను తుంచింది రాసుకుని, తర్వాత ఆ ఒక్కరితోనే మెల్లగా చెప్పాలి. ఆ తర్వాత చోట్లు మారతాయి.

ఇలా ఒకరి తీరు ఒకరు చెప్పుకోవడం ఒక పద్ధతిగా స్థిరపడింది కొంతవరకు యాదృచ్ఛికంగానే. 1946 వేసవిలో అమెరికాలోని కనెటికట్‌లో కర్ట్ లెవిన్ బృందం ఒక శిక్షణ శిబిరం నడిపింది. పగలు తరగతుల్లో ఎవరెలా ప్రవర్తించారో పరిశోధకులు రాత్రి కూర్చుని చర్చించుకునేవాళ్ళు. శిక్షణకు వచ్చినవాళ్ళలో కొందరు అక్కడికి వచ్చి, మా గురించే కదా, మేమూ వింటామన్నారు. లెవిన్ రానిచ్చాడు. తమ గురించి విన్నది వాళ్ళు ఒప్పుకోలేదు, వాదించారు. నేర్చుకోవడం అసలు ఆ వాదనలోనే జరుగుతోందని అందరికీ తట్టింది. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో మొదలైన బృంద శిక్షణలకు ఇదే పునాది. అంతకు కొన్ని నెలల ముందే లెవిన్ కన్నుమూశాడు.

మన దగ్గర గ్రూప్ డిస్కషన్లకు ఇంకో చిక్కుంది. చర్చ ఇంగ్లీషులోనే జరగాలన్న పట్టుదల. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియం అయ్యాక ఇది మరీ పెరిగింది. ఇంగ్లీషు కావాలి, కాదనను. కానీ ఆలోచన, భాష రెండూ ఒకేసారి వెతుక్కోమంటే పిల్ల రెంటినీ వదిలేస్తుంది. మొదటి నెలంతా తెలుగులో వాదించనిస్తే మాట ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆగాలో వస్తుంది. అదే అంశాన్ని తర్వాత ఇంగ్లీషులో తిప్పితే తడుముకునేది మాటల కోసమే అవుతుంది.

బయటి పనులూ ఉన్నాయి. నలుగురు విద్యార్థులు కలిసి తమ ఊళ్ళో పనిచేస్తున్న ఒకరి దగ్గరికి వెళ్ళి అరగంట మాట్లాడి రావాలి: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే కుర్రాడు, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్, డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్. జీతం ఎంత అన్నది చివరి ప్రశ్న కావాలి. మొదటి ఏడాది ఎలా గడిచింది, రోజులో ఏ గంట విసుగు, ఈ పని ఎవరిని చూసి నేర్చుకున్నారు అన్నవి ముందు. దీనికి కొత్త ఏర్పాటు అక్కర్లేదు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్, మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలో భాగమయ్యాయి. సర్వే ఫారాలు నింపి బైండింగ్ చేయించి ఇచ్చే తతంగంగా మార్చకుండా ఉంటే అవి ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి, దాచి లాభం లేదు. కాకినాడలోనూ సొంత వ్యాపారం మీద తానే నిర్ణయం తీసుకోగలిగిన మనిషికే శిక్షణ బాగా అక్కరకొచ్చింది. అవకాశం చేతిలో లేనివాళ్ళకు తపన పెంచితే మిగిలేది అసంతృప్తి. డిగ్రీ అవగానే పెళ్ళి ఖాయమైన అమ్మాయికి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళు కరిగిస్తున్న కుర్రాడికి ఉన్నది ప్రేరణ కొరత కాదు. ఉద్యోగాలు లేకపోవడాన్ని పిల్లల మనస్తత్వ లోపంగా చూపించడానికి ఈ ఆటల్ని వాడుకుంటే అది మోసం. వ్యక్తి సాధన ఒక్కటే చాలదని, తోటివారి కోసం చేయాలనే తపన కూడా అభివృద్ధికి అంతే అవసరమని ఉదయ్ పరీక్ 1968లోనే వాదించాడు. ఆ తపనకు విస్తరణ ప్రేరణ అని పేరు పెట్టాడు. ఆ అమ్మాయి కోసం వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడే ముగ్గురు స్నేహితురాళ్ళు అదే బృందంలోంచి రావాలి.

అందుకే చివరి మెట్టయిన బృందం నిలవడం దగ్గరే నా పట్టుదల. అయిదుగురు చొప్పున జట్లు. ఒక్కొక్కరూ నెలకు ఒక లక్ష్యం, అవునో కాదో తేల్చగలిగేది, పలకరింపంత చిన్న వాక్యంలో రాసివ్వాలి. ‘బ్యాంకు ఉద్యోగం కొడతా’ కాదు. ‘ఈ నెల ఇరవయ్యో తేదీలోపు మూడు మాక్ టెస్టులు రాసి, తప్పుల పట్టిక జట్టుకు చూపిస్తా’ లాంటిది. చేయలేకపోతే శిక్షేమీ లేదు, వచ్చే నెల అంకెను తగ్గించుకోవాలా, పద్ధతి మార్చుకోవాలా అని జట్టు కూర్చుని మాట్లాడుతుంది. అంతా చేసేసినవారినీ అడగాలి, మరీ దగ్గర నిలబడ్డావేమో అని.

దీనికి అయ్యే ఖర్చు వారానికి ఒక పీరియడ్, అగ్గిపెట్టెలు, అరవై మందికి పన్నెండు నోటుపుస్తకాలు. టైంటేబుల్లో ఆ పీరియడ్ కోసం పోట్లాడే లెక్చరర్ ఒకరు కావాలి. ఆ లెక్చరర్‌కు అడ్మిషన్ల తిరుగుడు, న్యాక్ ఫైళ్ళు ఒక రెండు తగ్గించే ప్రిన్సిపాల్ కూడా కావాలి. ఏడాదికోసారి బయటి నుంచి వచ్చే వక్తకు పెట్టే శాలువా ఖర్చుతో నోటుపుస్తకాలు వచ్చేస్తాయి.