మత్తుకు మందు లాఠీయేనా?

హైదరాబాదులో గంజాయి మాటొస్తే వేళ్లన్నీ ముందు బస్తీల వైపే తిరుగుతాయి. 2021 అక్టోబరులో ధూల్‌పేట లాంటి చోట్ల పోలీసులు దారినపోయేవాళ్లను ఆపి, సెల్‌ఫోన్లు తీసుకుని, అందులో 'గంజాయి' అనే మాట కోసం వెతికారు. 2017లో సినిమావాళ్ల పేర్లు బయటికొచ్చినప్పుడు మాత్రం నోటీసులిచ్చి, తేదీ చెప్పి పిలిపించారు. నోటీసివ్వడం తప్పని మేం అనడం లేదు, పద్ధతంటే అదే. ఆ పద్ధతి బస్తీ గుమ్మం దాకా ఎందుకు రాదన్నదే మా ప్రశ్న. కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్తుల ముద్ర వేసిన 1871 నాటి చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు మాత్రం రద్దు కాలేదు.

1985 మాదకద్రవ్యాల చట్టంలోనే రెండు సంగతులున్నాయి. ఒంటిమీద సోదా చేయబోతే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. అలవాటుపడ్డవాడు తనంత తానే గుర్తింపున్న ఆసుపత్రికి వచ్చి వైద్యం పూర్తిగా చేయించుకుంటే, వాడకం కేసు నుంచీ కొద్దిపాటి సరుకు కేసు నుంచీ 64-ఎ సెక్షన్ రక్షణ ఇచ్చింది. ఈ సంగతి బస్తీవాళ్ల చెవిన వేసినవాళ్లేరీ?

'ప్రజల భాగస్వామ్యం' అని పోలీసులంటారు. అది తరచుగా సమాచారం అందించడం దగ్గరే ఆగిపోతోంది. కొడుకును పట్టించాక వాడికి జైలా, వైద్యమా అన్నది చెప్పకుండా తల్లిని సాయం అడగడం ఏం న్యాయం?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం వేరే దారి పట్టింది. కూలినాలి చేసుకునే ఆడవాళ్లు, అందులో ఎందరో దళిత స్త్రీలు, సారా అమ్మకాన్నీ వేలంపాటల్నీ అడ్డుకున్నారు. తాగేవాడి కంటే తాగించే వ్యాపారాన్నే గురిచూశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. గంజాయి దొంగచాటు సరుకు, దానికి వేలంపాటలుండవు, నిజమే. అయినా ఎవర్ని గురిచూడాలో ఆ తల్లులు చెప్పే ఉన్నారు.

వైట్‌నర్ పీల్చే చెత్త ఏరుకునే పిల్లలున్నారు. వైట్‌నర్ ఆ చట్టం కిందికే రాదు గనక గంజాయి కేసుల లెక్కల్లో వాళ్లు కనపడరు. వాళ్లకు కావలసింది తిండి, బడి, వైద్యం.

అందుకే మేం అడిగేవి మూడే: బస్తీ దవాఖానాలోనే అలవాటు మాన్పించే వైద్యం పెట్టండి. 50, 64-ఎ సెక్షన్లను తెలుగులో, ఉర్దూలో ప్రతి స్టేషన్ గోడమీదా రాయండి. క్వింటాళ్లకొద్దీ సరుకు పంపేవాడి దాకా దర్యాప్తు తీసుకెళ్లండి. ఇవి జరిగేదాకా, బస్తీ సహకరించడం లేదని ఫిర్యాదు చేసే హక్కు పోలీసులకు లేదు.