బిల్లు చదవటం: ఎటువైపు నుంచి?

కృత్రిమ మేధ మీద రాబోయే చట్టాల్ని విశ్లేషించటం విద్యార్థులకి నేర్పాలనే మాట యీ మధ్య గట్టిగా వినపడుతోంది. నేర్పాల్సిందే. అయితే ఆ చదువు ఎక్కడ మొదలవుతుందన్నదే మా ప్రశ్న. మొదట నిర్వచనాలు, తర్వాత 2024లో అమల్లోకొచ్చిన యూరోపియన్ యూనియన్ చట్టం, అందులోని ప్రమాదాల తరగతులు, ఆఖర్న మన దేశం. యీ వరసలో చదివితే బిల్లు అనేది కంపెనీలకీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారంలాగే కనపడుతుంది. యంత్రం ఎవరి మీద పనిచేస్తుందో ఆ మనిషి కనపడడు.

తెలంగాణలో ఆ మనిషెవరో మనకి తెలుసు. 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డుల్ని కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, యీ ఇంటికి కారుంది, యీ ఇంటికి రేషన్ అర్హత లేదు అని చెప్పేది. 2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకి పైగా ఆహారభద్రతా కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు ఇవ్వలేదన్నదే ప్రధానమైన ఫిర్యాదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, ఇళ్ళకి పోయి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

దీన్ని సాంకేతిక లోపం అంటే మేము వొప్పుకోం. పేరు పేరుతో పొరపాటున కలవటం యంత్రం పని కావచ్చు. అడగకుండా కార్డు తీసెయ్యొచ్చనే ధైర్యం మాత్రం యంత్రానిది కాదు. రేషన్ బియ్యం మీద బతికేవాళ్ళు తిరిగి ప్రశ్నించలేరనే నమ్మకం కంప్యూటర్ కంటే చాలా పాతది, కులసమాజం పెంచినది. యంత్రానికి కులం చెప్పక్కర్లేదు కూడా. ఇంటిపేరూ, వాడ పేరూ, పిన్‌కోడూ ఇస్తే చాలు.

ఇప్పుడు మన కాగితాలు చూద్దాం. 2025 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసి, ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదనే ధోరణి తీసుకుంది. డిసెంబరులో లోక్‌సభలో వొక ప్రైవేటు సభ్యుల బిల్లు వచ్చింది. నైతిక కమిటీ, 5 కోట్ల దాకా జరిమానా అందులో వున్నాయి. విద్యార్థి ఇక్కడ ఆగి అడగాలి. జరిమానా ఖజానాకి పోతే, పోయిన నెలల బియ్యం ఎవరిస్తారు? యంత్రాన్ని వాడినది ప్రభుత్వమే అయితే దోషి ఎవరు? కార్డు తీసేముందు తెలుగులో నోటీసు వస్తుందా? నిరూపించుకునే భారం ఎవరి నెత్తిన? కమిటీలో వాడ నుంచి ఎవరైనా కూచుంటారా? 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సంక్షేమ పథకాల కోసం ప్రభుత్వానికి అనుమతి అడగకుండానే డేటా వాడుకునే వీలిచ్చింది. కొత్త బిల్లుని దాని పక్కన పెట్టి చదవకపోతే చదివినట్టే కాదు. యూరప్ చట్టాన్ని కూడా ఇలాగే చదవాలి: ప్రభుత్వ సాయానికి అర్హత తేల్చే యంత్రాల్ని అది అధిక ప్రమాదం కింద పెట్టింది. మన విద్యార్థి పట్టుకోవాల్సిన వాక్యం అదే.

మరి చదివేదెవరు? అత్వెల్లికి షామీర్‌పేట ఎంతో దూరం లేదు. అక్కడ జాతీయ స్థాయి న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ వుంది. అలాంటి చోట డిగ్రీలో చేరటానికి రాసే క్లాట్ పరీక్ష ఇంగ్లీషులోనే. అంటే, రేషన్ షాపు ముందు నిలబడి వేలిముద్ర పడక వెనక్కొచ్చిన ఇంటి పిల్లలకి వ్యవస్థ గురించి తెలిసినదంతా గేటు బయటే వుండిపోతుంది. వాళ్ళు మేడ్చల్ చుట్టూ వున్న డిగ్రీ కాలేజీల్లో వున్నారు. ముసాయిదా వాళ్ళకి తెలుగులో అందాలి. కేంద్రం తెచ్చే బిల్లుల మీద ప్రజాభిప్రాయానికి కనీసం 30 రోజులివ్వాలని 2014 నాటి విధానం చెప్తోంది. ఇంగ్లీషు ముసాయిదాకి ఆ 30 రోజులూ ఎవరికి దక్కుతాయో వేరే చెప్పాలా?

పాండిత్యం వద్దని మేము అనటం లేదు. అనుభవాన్ని ఉదాహరణగా చివర్న తగిలించటం కాదు, కొలబద్దగా ముందు పెట్టాలంటున్నాం. రద్దయిన కార్డుని వొక చేత్తో, బిల్లుని ఇంకో చేత్తో పట్టుకుని, వొక్కో సెక్షన్‌నీ ఆ కార్డు మీద పరీక్షించటమే తొలి పాఠం కావాలి. కార్డు తిరిగి తెప్పించలేని సెక్షన్‌కి ఎంత మంచి పేరు పెట్టినా, దానికి మన మార్కులు సున్నా.