కందపద్యం దగ్గర ఆగినవాళ్ళు

కందపద్యంలో బేసి గణం జగణం కాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. బడిలో ఈ రెండు ముక్కలూ చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోతారు. ఆ నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ప్రాకృతంలో పుట్టిన ఛందస్సు కన్నడ, తెలుగు పద్యాల్లోకి వచ్చాక ప్రాసను ఎలా పట్టుకుంది? పైకి చదువుతుంటే ఆరో గణం దగ్గర చెవికి తెలిసే మార్పేమిటి? ఈ ప్రశ్నల దగ్గర ఆగి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయినవాళ్ళు మనకున్నారు. వాళ్ళ పెద్ద వ్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. చదివేవాళ్ళు తక్కువన్నదే నా బాధ.

1998లో అమెరికాలోని తెలుగువాళ్ళు మొదలుపెట్టిన ఈమాట పత్రిక ఇందుకు మంచి ఉదాహరణ. కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరం కనిపించడమే కష్టమైన రోజులవి. వచ్చిన రచనను ముందు కొందరు పరిశీలించి లోటుపాట్లు చెప్పడం, రచయిత దిద్దుకోవడం అక్కడి పద్ధతి. జెజ్జాల కృష్ణమోహనరావు ఛందస్సు వ్యాసాలు అందులోనే వచ్చాయి. కంప్యూటర్ సైన్సు ఆచార్యులైన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో సైన్సు రాయడం మీద పెట్టిన శ్రద్ధా అక్కడ కనిపిస్తుంది. పరుచూరి శ్రీనివాస్ సేకరించిన పాత రేడియో ప్రసంగాలు, రూపకాలు అక్కడే విన్నాం. వీళ్ళెవరూ ఆ రాతల మీద బతికేవాళ్ళు కారు. అందుకే తొందర లేదు, పాఠకుణ్ణి పట్టి ఉంచాలన్న ఆరాటం లేదు.

ఇలాంటి రచనకు ఒక పనితనం ఉంది. విషయం చాలా చిన్నదై ఉంటుంది: ఒక వృత్తం, ఒక మాట చరిత్ర, ఒక పాత రికార్డు. రచయిత తన అభిప్రాయం చెప్పేలోపే ఉదాహరణలు వరసగా మన ముందు పెడతాడు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి అన్నాడంటే, నాలుగు శతాబ్దాల కవుల నుంచి పద్యాలు తెచ్చి చూపిస్తాడు. తనకు అనుకూలించని పద్యాన్నీ దాచడు. చివర ఆధారాలిస్తాడు. నమ్మమని అడగడు, చూసుకోమంటాడు. ఈ ఒక్క గుణం కోసమే ఎన్ని పేజీలైనా చదవచ్చు.

నిజానికి ఇది నెట్‌తో పుట్టిన అలవాటు కాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన భారతి మాసపత్రికలో ఒక శాసనం మీద, ఒక కవి కాలం మీద ఇంతే ఓపికతో రాసేవారు. దాని పాత సంచికలూ ఇప్పుడు స్కాన్ రూపంలో దొరుకుతున్నాయి.

ఇలాంటివి దొరకాలంటే ఫోన్ తనంతట తాను చూపించేవాటి మీద ఆధారపడకూడదు. నచ్చిన వ్యాసం అడుగున ఉన్న ఆధారాల్లోంచి ఒకదాన్ని పట్టుకుని వెళ్ళాలి. ఆ రచయిత పాత రచనల జాబితా తెరవాలి. కొత్త సంచిక పక్కన పెట్టి పదేళ్ళ కిందటిది చూడాలి. చదివేటప్పుడు పద్యాన్ని కాగితం మీద రాసుకుని గురులఘువులు గుర్తించాలి, గొంతెత్తి చదవాలి. తెలియని మాట వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో వెతికితే చాలు, బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకే చోట తెరుచుకుంటాయి. అరగంటలో అయ్యే వ్యాసం అప్పుడు మూడు సాయంత్రాలు పడుతుంది. పట్టనివ్వండి. మూడో సాయంత్రానికి కందం మీ నోట పలికే తీరే మారుతుంది.

సాహిత్యం మీద ఇంత రాశాం గానీ చేతిపనుల మీద ఈ స్థాయి వ్యాసాలు నాకు ఇంకా కావాలి. పోచంపల్లిలో నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులద్దుతారు. పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క పూస్తారు. లక్క ఏ వేడికి కరుగుతుంది, కర్ర ఎన్నాళ్ళు ఆరాలి, రంగు చెట్టులోని ఏ భాగం నుంచి వస్తుందన్నవి ఆ పని చేసేవాళ్ళ మాటల్లో, పేజీల లెక్క చూసుకోకుండా ఎవరైనా రాస్తే మొదటి పాఠకుణ్ణి నేనవుతాను.