రేడియేటర్ మీద అరచెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో ఓ మెకానిక్ పెద్దాయన మా అంబాసిడర్ బానెట్ ఎత్తి ముందు ఇంజన్ ఆపించాడు. ఫ్యాన్ పూర్తిగా ఆగేదాకా చూశాడు. అప్పుడు ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోంచి చెయ్యి పోనిచ్చి, రేడియేటర్ రెక్కలకు ఆనీ ఆనకుండా అరచెయ్యి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి. ఎడమ పక్క అడుగున జానెడు మేర చెయ్యి నిలిచిపోయింది. "ఇక్కడ చల్లగా ఉంది చూడు బాబూ" అన్నాడు.

చూశాను. టెంపరేచర్ ముల్లు ఎరుపు దాకా పోయింది, మూత కింద నీళ్లు కుతకుతలాడుతున్నాయి. ఆ జానెడు చోటు మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. లోపల గొట్టాలు పూడిపోయి వేడినీళ్లు అక్కడికి చేరనే చేరడం లేదు. అంతకుముందు రెండు షెడ్లు తిరిగాను. ఒకచోట థర్మోస్టాట్ పీకేశారు. ఇంకోచోట కొత్త వాటర్ పంపు వేశారు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు లేరు.

పాత బండి హీటెక్కుతోందంటే "వయసైపోయింది, అంతేలే" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం అంబాసిడర్. 1950ల చివరి నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. దాని 1,489 సీసీ పెట్రోల్ ఇంజన్ పోత ఇనుముది, మొండిది. ఇలాంటి ఇంజన్లలో పెట్రోల్ మండగా పుట్టే శక్తిలో ఇంచుమించు నాలుగో వంతే బండిని లాగుతుంది. సుమారు మూడో వంతు వేడిగా నీళ్లలోకి దిగుతుంది, మిగతాది చాలావరకు పొగగొట్టం దారి పడుతుంది. నీళ్లలోకి దిగిన ఆ వేడి గాలిలో కలిసేలోపు ఎక్కడో అడ్డం పడితే బండి కాగుతుంది. ఆ అడ్డం ఎక్కడుందో సామాన్లు మార్చకుండా కనిపెట్టడమే పాత మెకానిక్కుల విద్య.

మొదటి ముద్దాయి నీళ్లే. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడేది ఇంజన్ నీళ్ల దారుల్లోనూ పేరుకుంటుంది. దానికి ఇనుప తుప్పు తోడవుతుంది. ఇనుము వేడిని దాటనిచ్చినట్టు ఈ పొర దాటనివ్వదు. వీధి పంపు నుంచి, కాలువ నుంచి, టీకొట్టు డ్రమ్ము నుంచి ఏళ్ల తరబడి పోసిన నీళ్ల లెక్కంతా బ్లాకులో భద్రంగా ఉంటుంది.

పెద్దాయన బ్లాకు వెనక చివర, నాలుగో సిలిండర్ దగ్గరున్న ఇత్తడి కుళాయి విప్పాడు. చుక్క రాలేదు. సైకిల్ చక్రం పుల్ల ఒకటి తీసుకుని, కొస వంచి, లోపలికి పొడిచి తిప్పాడు. ముందు ఇటుక రంగు ముద్ద ఒకటి వేలి లావున మెత్తగా జారింది. ఆ వెనకే బుడబుడమంటూ ఎర్రనీళ్లు. ఈ ఇంజన్‌లో మడ్డి చేరేది ముఖ్యంగా అక్కడే, అందుకే వెనక సిలిండర్ ముందుగా ఉడుకుతుంది. మడ్డి కదలకుండా ఎంత కొత్త రేడియేటర్ వేసినా డబ్బు దండగ. తర్వాత నీళ్ల పైపు తగిలించి, మామూలుగా పారే దిక్కుకు ఎదురు దిక్కున కొట్టాడు. తేటనీళ్లు రావడానికి గంట పట్టింది.

రేడియేటర్ మటుకు మూడు దుకాణాల అవతలికి వెళ్లింది. అక్కడి పని ఇత్తడి బిందెకు మాటు వేసే పనికి దగ్గరి చుట్టం. మంటతో అంచు చుట్టూ సీసం కరిగించి పై ట్యాంకు ఊడదీశారు. కింద వరసలు వరసలుగా చదునైన రాగి, ఇత్తడి గొట్టాల నోళ్లు కనిపించాయి. కొన్ని నల్లగా తెరిచి ఉన్నాయి, ఎడమ పక్కవి సున్నం కొట్టినట్టు తెల్లగా మూసుకుపోయాయి. పలచని ఉక్కు పట్టీని ఒక్కో గొట్టంలో దింపి, పైకీ కిందికీ ఆడిస్తూ గీకారు. దీన్నే రాడింగ్ అంటారు. గొట్టం గోడ పలచన, చెయ్యి కాస్త మొరటుగా పడితే చిల్లే. గీకుతున్న కుర్రాడు పట్టీ ఆగిన చోట బలం పెట్టలేదు. బయటికి తీసి, ఆసిడ్ చుక్క వేసి, కాసేపు ఆగి మళ్లీ దింపాడు. అన్నీ అయ్యాక ట్యాంకు అతికి, నీళ్ల తొట్టిలో ముంచి, గాలి పెట్టి బుడగల కోసం చూశారు.

ఆ పని చేసేవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. సీసం పొగ, పొడి ఒంటికి విషం. ఆరుబయట చేసుకోవడం, మాస్కు కట్టుకోవడం, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం వాళ్లకు ఎవరో ఒకరు గుర్తు చేయాలి. బండి ఇచ్చే మనమే చేయొచ్చు.

థర్మోస్టాట్ పీకేసే అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. 80 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకునే వాల్వు అది. మూసుకుని బిగిసిపోతే తీయాల్సిందే, కానీ ఆ చోట కొత్తది పడాలి. లేకపోతే చలికాలం పొద్దుట ఇంజన్ కాగడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదలా పెరుగుతుంది. అనుమానముంటే దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి, థర్మామీటర్‌తో చూడండి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర నోరు తెరిస్తే మంచిదే.

మూతను కూడా చిన్నచూపు చూడకూడదు. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు 7 పౌన్ల ఒత్తిడి పెట్టే మూత కింద 111 దాకా తట్టుకుంటాయి. రబ్బరు ఎండిపోయిన మూత ఆ పదకొండు డిగ్రీలనూ వదిలేస్తుంది. ఇక ఫ్యాన్ బెల్టు నడిమధ్య వేలితో నొక్కితే అరంగుళం దిగాలి. టైమింగ్ వెనకబడినా, కార్బురేటర్ పెట్రోల్ తక్కువ ఇస్తున్నా వేడే. చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని అనుమానించాలి.

చిన్నప్పుడు తిరుమల ఎక్కుతుంటే మలుపు మలుపుకీ బానెట్ ఎత్తిన కార్లు కనిపించేవి. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డే దారి. పైన ఎత్తు వల్ల మూత లేని నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. నాన్న మూడో గేరులో మూలిగించకుండా ముందే రెండో గేరు వేసేవారు. ఫ్యాన్ ఇంజన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి గేరు తగ్గించి ఇంజన్ తిప్పితే గాలీ పెరుగుతుంది, నీళ్ల పరుగూ పెరుగుతుంది. అయినా కాగితే పక్కకు ఆపి, అరగంట దాకా మూత జోలికి పోనిచ్చేవారు కాదు. ఉడుకుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. వేడి మీద మూత తీసి, ఎగదన్నే ఆవిరికి ఎంతమంది చేతులు కాల్చుకున్నారో.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దాయన బోరునీళ్లు ముట్టనివ్వలేదు. బ్యాటరీలో పోసే నీళ్లు సగం, కూలెంట్ సగం కలిపి తనే పోశాడు. ఇంజన్ నడుస్తుండగా పై హోస్ పైపు నొక్కి గాలి పోయేదాకా ఆగాడు. ఆ తర్వాత రేడియేటర్ పై ట్యాంకు మీద తెల్లరంగుతో ఆ రోజు తేదీ రాసి, "ఇక్కడి నుంచి రెండేళ్లకు నీళ్లు మార్చు బాబూ, రంగు చెరిగితే నువ్వే దిద్దుకో" అన్నాడు. రెండుసార్లు దిద్దాను.