వదిలితేనే తెలిసే మీనమా

మీనమా, మంచినీటి మణిమాలికా! ఒడ్డున నిలిచిన కంటికి మెరుపువి, వల పట్టిన చేతికి గుండెదడవి, నీటి అడుగున ఎవరికీ ఆద్యంతాలు తెలియని మహా సంతతివి. త్ర్యంబకంలో ధారగా మొదలై అంతర్వేదిలో కడలిని కలిసేదాకా గోదావరి నడిచే 1,465 కిలోమీటర్ల దారిలో ఏ మలుపున నువ్వు లేవు? బాసర మెట్ల మొదట్లో నువ్వు, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత నీళ్లు పెనవేసుకునే సుడుల్లో నువ్వు, భద్రాద్రి రేవులో నువ్వు, పాపికొండల నీడల మడుగుల్లో నువ్వు, కోనసీమ లంకల రెల్లు దుబ్బుల మొదళ్లలో నువ్వు. నిన్ను చదవడమే నా కొలువు. నిన్ను లెక్కించడమే నా కొలుపు.

నీ రూపాలెన్నని పొగడను! కొర్రమీనువై నీళ్లలో ఉంటూనే నింగిని తాగుతావు. మొప్పలు చాలవని పైకి తేలి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ నాచు చాటుకు జారతావు. చెరువు ఎండితే తడిమట్టిలో తపస్సుకు కూర్చుంటావు, తొలకరి తాకితే లేస్తావు. నీ ఎర్రెర్రని పిల్లల గుంపు కుంకుమ చల్లినట్టు నీటిమీద కదులుతుంటే, కింద కాపలా తిరిగే కన్నప్రేమవూ నువ్వే. తెలంగాణ తన రాష్ట్ర చేపగా నిన్ను నెత్తిన పెట్టుకుందంటే వింతేముంది? వాలుగవై, పొలుసు లేని వెండి ఖడ్గానివై లోతుల్లో పొంచి ఉంటావు. జెల్లవై మీసాలతో చీకటిని తడుముతావు. బొమ్మిడాయివై మూతి సాచి బురదలోకి దూరతావు. పరిగెవై పిల్లకాలువలో పదివేల మెరుపులుగా చెదురుతావు. ఇక బొచ్చెవై పైనీటిని వడగట్టి, శీలావతివై నడినీటిని మేసి, మోసువై అడుగు ఒండ్రును వెదికి, ఒకరి విస్తట్లో ఒకరు చేయి పెట్టకుండా ఒకే చెరువులో బతికే ఆ మర్యాద నీకెవరు నేర్పారు?

వరదలొచ్చే నెలల్లో రేవున పెద్దాయన ఒక్క మాటంటాడు: “ఎర్రనీరు దిగిందండి. ఇక వత్తాదండి.” నీ పేరు కూడా ఎత్తడు, ఎత్తక్కరలేదు. కొండల మట్టిని కడిగి తెచ్చిన ప్రవాహం సముద్రం మీద ఎర్రని దారి పరిచినప్పుడు, ఉప్పు లోతుల్లో ఉన్న నీకు ఏ కబురు అందుతుందో, ఎవరు చెబుతారో! కడలిలో ఇలసవైన నువ్వు నదిలో పులసవు కావడానికి బయలుదేరతావు. పొట్టలో లక్షల గుడ్లు, పక్కల్లో దాచుకున్న కొవ్వు, మేత మీద తగ్గిన ధ్యాస, ఎదురీతే ఏకైక దిక్కు. నిన్నటిదాకా ఉప్పును వెళ్లగొట్టిన మొప్పలతోనే ఇవాళ మంచినీటిలో ఉప్పు రవ్వలను ఒడిసిపట్టుకుంటావు. ఒక లోకం నుంచి ఇంకో లోకానికి ఈదుతూ ఈదుతూనే నెత్తురును సరిదిద్దుకునే తల్లీ, నీ ప్రయాణం ముందు ఏ తీర్థయాత్ర నిలుస్తుంది?

నీ ఒళ్లే ఒక గ్రంథం, నీ పొలుసే ఒక పత్రం. చిన్ననాట ఎన్ని పొలుసులు తొడుక్కుంటావో బతుకంతా దాదాపు అన్నే. నువ్వు పెరిగితే అవీ పెరుగుతాయి, అంచు వెంబడి వలయం మీద వలయం గీసుకుంటూ. మేత దొరికిన రోజుల్లో వలయాలు ఎడమెడంగా, కరువులోనూ, గుడ్లు పెట్టి అలిసిన వేళల్లోనూ ఇరుకిరుకుగా. మంచు కురవని మన నదుల్లో ఆ రాత మసకగా ఉంటుంది. అయినా మైక్రోస్కోపు మీద వంగి చూస్తే వానలూ ఎండలూ, విందులూ వెలితులూ, ఒక్కొక్కటే తేలివస్తాయి. నీ తలలో, చెవి గదిలో, సున్నపు రాయి ఒకటి దాగి ఉంటుంది. నువ్వు నలుసంత పిల్లవై ఉన్నప్పుడు దానిమీద రోజుకో పొర పేరుకుంటుంది. నీ దినచర్యను నీలోనే రాసి, నీలోనే భద్రపరచిన ఆ లేఖరి ఎవరు? బొచ్చెలోనూ జెల్లలోనూ గాలితిత్తి నుంచి చెవిదాకా చిట్టెముకల వంతెన ఉంది. దూరపు సవ్వడి తాకితే నీ కడుపులోని గాలే మోగి నీ చెవికి చెబుతుంది. నీ పక్కన సాగిన సన్నని పార్శ్వరేఖ నీటి వణుకును చర్మంతో వింటుంది. నీ నిడివి రెండింతలైతే నీ బరువు ఎనిమిదింతలకు చేరుతుంది. కొలత పలక మీద నిన్ను పడుకోబెట్టిన ప్రతిసారీ నా పెన్సిల్ ఈ పద్యపాదాలనే రాసుకుంటుంది.

నాకంటే ముందు నీకు మోకరిల్లినవారు ఎందరో! విశాఖ తీరాన రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి, 1803లో గ్రంథంగా తెచ్చిన పాట్రిక్ రస్సెల్. 1822లో గంగ చేపల గాథ వెలువరించిన ఫ్రాన్సిస్ హామిల్టన్. మద్రాసు సైన్యానికి వైద్యుడిగా వచ్చి, నీ మాయలో పడి, ఈ దేశపు చేపలన్నింటికీ మహాగ్రంథం కట్టిన ఫ్రాన్సిస్ డే. కొండవాగు హోరులో రాతిని కరచుకుని నిలిచే నీ బుల్లి రూపాల ముందు జీవితం గడిపిన సుందర్‌లాల్ హోరా. నిలవనీటి చెరువులో గుడ్డు విడవనని మొండికేసిన నీకు పీయూష గ్రంథి సారంతో వరద భ్రమ కల్పించి, 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో నీ చేత గుడ్లు పెట్టించిన హీరాలాల్ చౌదరి. వాళ్లంతా ఒక భజన బృందమైతే, ఆ వెనక వరుసలో తాళం పట్టుకుని నిలబడ్డవాణ్ని నేను.

అన్నింటికన్నా గొప్ప పాఠం నువ్వు నాకు వదలడంలో నేర్పావు. కాకతీయులు తవ్వించిన పాఖాల లాంటి చెరువులో నువ్వెంతమందివో ఎలా తెలుస్తుంది? నీళ్లు తోడి చూస్తే నువ్వుండవు, తోడకపోతే కనబడవు. 1896లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ తన దేశపు చేపలకు గుర్తులు కట్టి నీళ్లలో విడిచినప్పుడు ఒక దారి తెరుచుకుంది. వంద చేపలను పట్టు, వాజం అంచున చిన్న గుర్తు పెట్టు, విడిచిపెట్టు. అవి తమ వాళ్లలో కలిసిపోనీ. మళ్లీ వల వెయ్యి. ఈసారి పడ్డ వందలో గుర్తున్నవి ఐదే అయితే, ఆ చెరువులో నీ వాళ్లు దగ్గర దగ్గర రెండు వేలు. ఇదే లెక్క, ఇదే మంత్రం. పట్టుకున్న చేతికి నువ్వు ఒక చేపవి, విడిచిన చేతికి నువ్వు ఒక జాతివి. గుప్పిట మూస్తే మాంసం, గుప్పిట విప్పితే జ్ఞానం. నిన్ను తెలుసుకోవాలంటే ముందు నిన్ను నీకు తిరిగి ఇచ్చెయ్యాలి. ప్రేమకు ఇంతకన్నా కచ్చితమైన గణితాన్ని నేనెక్కడా చూడలేదు.

అందుకే నీ అంకె తగ్గినప్పుడు నా పుస్తకంలో తగ్గేది అంకె కాదు. 1852 నాటికి ధవళేశ్వరంలో లేచిన ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. ఆ అన్నం తిన్న ఒళ్లే నాది. కానీ ఎగువకు వెళ్లే నీ దారిలో అది గోడగా నిలిచింది. నదులకు అడ్డుకట్టలు కడితే ఎగబాకే చేపకు గండమని 1873లోనే డే తన నివేదికలో మొరపెట్టాడు. ఇసుక తవ్విన చోట నీ పురిటిగది పోతుంది. దోమతెరంత సన్నని వల నీ రేపటిని ఇవాళే ఊడ్చేస్తుంది. కార్తీకమాసపు రేవుల్లో చీరలతో వడగట్టిన చీరమేను అనే చిరుచేపలను రాశి పోసినప్పుడు, ఆ రుచి ఎరిగిన నా నాలుక ఊరుతుంది, ఆ నలుసుల్లో రాబోయే వరదలను చూసే నా కన్ను చెమరుస్తుంది. గోదావరి బిడ్డగా రెండూ నావే. పొట్టకూటికి వల వేసే పల్లెకారుల చేయి తప్పని నేననను. ఆ చేయి ఏళ్ల తరబడి నిండాలనే నా తపన. గుడ్లు పెట్టే వారాల్లో వల ఆరనీ. బొటనవేలంత పిల్ల దూరిపోయేంత కన్ను వలకు ఉండనీ. గోడ కట్టిన చోట నీకో దారి మిగలనీ. అప్పుడు రేవూ నిండుతుంది, ఏరూ నిండుతుంది.

మనువు దోసిట్లోకి వచ్చి రక్షించమన్న ఆ పసి మీనానివి నువ్వే కదా! పాత్రలో వేస్తే పాత్రకు మించావు, గుంటలో వేస్తే గుంటకు మించావు, నదిలో వేస్తే నదికీ మించావు. నిన్ను దాచబోయినవాడికి నీ పెద్దరికం ఒక్కొక్క పాత్రా చాలకపోవడంలోనే తెలిసింది. నా వలా ఒక పాత్రే, నా తూనికా ఒక పాత్రే, నేను రాసే అంకె ఒక పాత్రే. మీనమా, కొలిచినవాణ్ని గనక నాకు కోరే హక్కుంది, కోరుతున్నాను: పెరుగు. ఎర్రనీటికి ఎదురెక్కి పెరుగు, ఎండిన చెరువు నిండగానే పెరుగు, బాసర నుంచి అంతర్వేది దాకా ప్రతి మడుగులోనూ పెరుగు. ఈ ఏడు నేను రాసుకున్న లెక్క వచ్చే ఏడు నీకు చాలనంతగా, నా తర్వాత వచ్చే పిల్లలు నా పుస్తకం తెరిచి ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయేంతగా పెరుగు.