తెల్లమచ్చల వ్యాధి: మందు చేపకా, నీటికా?

గప్పీలు, మాలీలు, ఏంజెల్ చేపలు, అడుగున తిరుగాడు జెల్ల జాతి చేపలు - ఇట్లు పలుజాతుల మంచినీటి చేపలను ఒకే గాజుతొట్టిలో పెంచుట జీవశాస్త్ర బోధనకు చక్కని సాధనము. కాని ఒక చేపకు సోకిన వ్యాధి తక్కినవానికి ప్రాకుటకును ఆ తొట్టియే సాధనమగును. అట్టి వ్యాధులలో తరచుగా కనబడునది తెల్లమచ్చల వ్యాధి. చేప ఒంటిమీదను వాజములమీదను ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు పుట్టును. చేపలు రాళ్లకు ఒడలు రుద్దుకొనును; మొప్పలను వడివడిగా ఆడించును; మేత మానివేయును. ఉపేక్షించినచో కొద్దిదినములలో తొట్టి ఖాళీ కావచ్చును.

ఈ వ్యాధికి అక్వేరియమ్ చేతిపుస్తకములలోను, దుకాణములలోను సాధారణముగా చెప్పబడు చికిత్స ఇది: నీటిని 30 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేయవలెను, దినదినము సగము నీరు మార్చవలెను, మైలుతుత్తమో, మాలకైట్ గ్రీనో, ఉప్పో వేయవలెను, మచ్చలు పోగానే ఆపవలెను. ఈ సలహాలలో పెక్కింటికి ఎక్కడనో ఒకచోట ఆధారము కలదు. అయితే ఏ నీటిలో, ఏ వాతావరణములో అవి పనిచేసినవో విచారింపక అనంతపురము వంటి కరవు పీఠభూమిలో వానిని యథాతథముగా అనుసరించుట శాస్త్రీయము కాదు. వానిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలసియున్నది.

ముందుగా శత్రువును ఎరుగవలెను. ఈ వ్యాధికి కారణము ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలియస్ అను ఏకకణజీవి. 1876లో ఫూకె అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. ఆ పేరునకు 'బహుసంతానము గల చేపపేను' అని అర్థము. అది పేను కాకపోయినను బహుసంతానమను మాట మాత్రము నిజము. దాని జీవితమున మూడు దశలు కలవు. మొదటి దశలో అది చేప పైచర్మములో దాగి, అచటి కణజాలమును తిని పెరుగును. కంటికి కనబడు తెల్లమచ్చ ఇదియే. పెరిగిన పిమ్మట చర్మము నుండి వెలువడి, అడుగున గులకరాయికో, మొక్కకో అంటుకొని, తనచుట్టు జిగురు కోశమును కట్టుకొనును. ఇది రెండవ దశ. ఆ కోశములో అది మరలమరల చీలి కొన్ని వందల పిల్లలగును. ఒక్కొక్కప్పుడు వీని సంఖ్య వేయి వరకు పోవును. మూడవ దశలో ఈ పిల్లలు శైలికల సాయమున ఈదుచు చేపను వెదకును. వెచ్చని నీటిలో ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో నశించును. 25 డిగ్రీల వద్ద ఈ చక్రము సుమారు వారములో పూర్తియగును. 10 డిగ్రీల చల్లని నీటిలో కొన్ని వారములు పట్టును.

చర్మములోని మొదటి దశను, కోశములోని రెండవ దశను నీటిలో కలుపు సామాన్యమైన మందులు అంతగా తాకజాలవు. సులభముగా లొంగునది ఈదు దశ ఒక్కటే. కావున మచ్చలు పోగానే మందు ఆపుట పెద్ద పొరపాటు. మచ్చ మాయమగుట అనగా ఆ జీవి సంతానము కొరకు అడుగునకు దిగినదని అర్థము. చివరి మచ్చ పోయిన తరువాత కూడ కనీసము ఒక చక్రకాలము చికిత్స సాగవలెను.

రోగనిర్ణయము చేయకయే మందు వేయుట మరియొక పొరపాటు. సంతానకాలమున మగ బంగారుచేపల మొప్పమూతలపై తెల్లని బుడిపెలు సహజముగా పుట్టును. అది వ్యాధి కాదు. లంగరుపురుగు, నిజమైన చేపపేను అనునవి క్రస్టేషియనులు. అవి కంటికే కనబడును, వాని చికిత్స వేరు. ఇచట పాఠశాల సూక్ష్మదర్శిని అక్కరకు వచ్చును. అప్పుడే చచ్చిన చేప చర్మముపై జిగురును కొంచెము తీసి, గాజుపలకపై నీటిచుక్కలో ఉంచి, తక్కువ వృద్ధితో చూడవలెను. మెల్లగా దొర్లుచున్న గుండ్రని జీవియు, దానిలో గుర్రపులాడము ఆకారపు కేంద్రకమును కనబడినచో వ్యాధి ఇదియేయని నిశ్చయింపవచ్చును.

ఇక వేడిచేయు సలహా. ఇది గదులు చల్లగా ఉండు దేశములలో పుట్టినది. అచట వేడి పెంచినచో చక్రము త్వరపడి ఈదు దశ తొందరగా బయటపడును. 30 డిగ్రీలు దాటినచో ఈ జీవి పెరుగుదల చాలవరకు కుంటుపడును. కాని అనంతపురమున ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట మామూలే. గదిలోని తొట్టి నీరు అప్పటికే వెచ్చగా ఉండును. సముద్రమట్టమున 20 డిగ్రీల లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగును. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఈ తగ్గుదల ప్రాణాంతకము కావచ్చును. వేసవిలో కావలసినది నీటిలోనికి గాలి పంపుట. వేడిచేయుటను గూర్చి ఆలోచింపవలసిన కాలము చలికాలమే.

నీరు మార్చు సలహాను లెక్కవేసి చూడుడు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 లోతు గల తొట్టిలో 54 లీటర్లు పట్టును. దినమునకు సగమనగా 27 లీటర్లు. పది దినములకు 270 లీటర్లు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో, వేసవిలో బిందెలు వరుసకట్టు ఊరిలో, పాఠశాల ఇట్లు నీరు పారబోసినచో పిల్లలు నేర్చు పాఠము ఏమి?

మైలుతుత్తము సంగతి మరింత చిక్కైనది. పరాన్నభుక్కును చంపునది నీటిలో కరిగియున్న రాగి. క్షారత హెచ్చుగానున్న నీటిలో రాగి చాలవరకు కార్బొనేటుగా మారి అడుగున పేరుకొనును. రాయలసీమ గ్రానైటు నేలల బోరునీరు పలుచోట్ల కఠినము, క్షారస్వభావము గలది. అందు చేతిపుస్తకపు మోతాదు చాలకపోవచ్చును. చాలలేదని అలవాటుగా రెట్టింపు వేయువారు, అదే మోతాదును ఆర్.ఓ. యంత్రముతో శుద్ధిచేసిన డబ్బానీటిలో వేసినచో రోగముకంటె ముందు చేపలే చచ్చును. నేడు ఒకే ఊరిలో బోరునీరు, తుంగభద్ర ఎగువ కాలువ నీరు, డబ్బానీరు - మూడును దొరకుచున్నవి. 'ఇన్ని చుక్కలు' అని మాత్రము చెప్పి నీటి క్షారతను అడుగని సలహా సగము సలహాయే. మాలకైట్ గ్రీను విషపదార్థము. ఆహారపు చేపల పెంపకమున పలుదేశములు దానిని నిషేధించినవి. దానిని విద్యార్థుల చేతికి ఈయరాదు.

వీనిలో ఉప్పు మేలైనది. కాని దానికిని లెక్క కావలెను. ఈ పొడిగాలిలో తొట్టినీరు త్వరగా ఆవిరియగును. ఆవిరియగునది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులును. తరిగిన నీరు నింపినప్పుడెల్ల మరల ఉప్పు వేసినచో దాని గాఢత దినదినము పెరిగి, మొక్కలకును, పొలుసులు లేని జెల్లలకును హాని కలుగును.

మందుకంటె జీవితచక్రమును ఎరుగుట ముఖ్యమనుటకు ఈ సీమ చరిత్రలోనే సాక్ష్యము కలదు. రాయలసీమ పల్లెలను ఒకప్పుడు బాధించిన నారికురుపు కూడ మంచినీటి పరాన్నభుక్కు వలననే కలిగెడిది. దిగుడుబావిలో దిగిన రోగి కాలిపుండు నుండి పురుగుపిల్లలు నీటిలో చేరును. వానిని సైక్లాప్స్ అను సూక్ష్మ క్రస్టేషియను మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి వ్యాధి సోకును. దీనిని నయము చేయు మందుగాని, టీకాగాని లేదు. అయినను 1983-84లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము నీటిని గుడ్డతో వడగట్టించి, రోగులను బావిలో దిగనీయక, దిగుడుబావులను చేదబావులుగ మార్చి, నీటిలో టెమెఫాస్ అను మందు వేసి ఆ చక్రమును త్రెంచివేసెను. భారతదేశమున చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమున కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ దేశమునకు విముక్తిపత్రము నొసగెను.

అదే న్యాయమును తొట్టికి అన్వయించినచో ఈ ప్రాంతమునకు తగిన పద్ధతి దొరకును. కోశములు అంటుకొను గులకరాళ్లను, అలంకార శిలలను తీసి ఎండలో పరచవలెను. ఎండిన కోశము బ్రతుకదు; పుస్తకముల వారికి దొరకని ఔషధము, అనంతపురమున ఉచితముగా దొరకునది ఎండ! మొక్కలను చేపలు లేని పాత్రలో వారము పైగా ఉంచిన, వానిపై పుట్టిన పిల్లజీవులు ఆకలితో నశించును. తొట్టినీటిని కొలిచి, లీటరునకు 2 గ్రాముల చొప్పున ఉప్పును ఒక దినము వ్యవధిలో కొంచెము కొంచెముగ కలుపవలెను. జెల్లలు తల్లడిల్లినచో అచటనే ఆపవలెను. ప్రతిదినము అడుగునీటిని 5 లీటర్లు గొట్టముతో లాగివేసి, ఎండ తగులు బంజరునేలపై పోయవలెను. లాగిన నీటికి బదులు పోయు నీటికి మాత్రమే ఉప్పు చేర్చవలెను. ఆవిరియైన నీటికి చేర్చరాదు. గాలి నిరంతరము పంపుచు, మేత తగ్గింపవలెను. పది దినములకు పట్టు నీరు 50 లీటర్లు. పుస్తకపు పద్ధతిలో ఐదవవంతుకంటె తక్కువ.

దుకాణము నుండి తెచ్చిన క్రొత్తచేపను రెండు మూడు వారములు వేరు పాత్రలో ఉంచి చూచుట వీనియన్నిటికంటె చౌక. వలను కూడ ఒక తొట్టి నుండి మరియొక తొట్టికి మార్చునపుడు ఎండబెట్టవలెను. రోగము వచ్చినచో ఉపాధ్యాయుడు మందుసీసాకై పరుగెత్తుటకు ముందు నల్లబల్లపై ఆ మూడు దశలను గీయించి, 'మనము వేయబోవు మందు వీనిలో దేనిని తాకును?' అని తరగతిని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే తొట్టిలో చేయి పెట్టవలెను.